పొగమంచుకు ఏ ఫిలిం?

చేతిలో పెద్దగా డబ్బు లేకుండా అరకు కొండల్లో సినిమా తీద్దామని వచ్చే కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే. "అన్నా, ఏ కెమెరా వాడమంటావు?" నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. "ఏ నెలలో తీస్తారు? ఎవరింట్లో తీస్తారు?" నేనేదో దాటేస్తున్నానని వాళ్లకి అనుమానం. కాదు. వలిసె పూలు విరగబూసిన కార్తీకంలో తీసే సినిమా వేరు. పుష్యమాసం తెల్లవారుజామున లంబసింగి మంచులో తీసేది వేరు. వేసవి ముందు పోడు కాల్చిన పొగ కొండల మీద వేలాడుతున్నప్పుడు తీసేది ఇంకొకటి. వెలుతురు ఇంతలా మారిపోయే చోట కెమెరా పేరు ముందు చెప్పడం రోగిని చూడకుండా మందు రాయడమే.

నేను కెమెరామన్‌ని. ఉండేది విశాఖలో. ఈ పనిలోకి వచ్చింది ఫిలిం రోజుల్లో, కెమెరా అసిస్టెంటుగా. నల్లటి చేంజింగ్ బ్యాగులోకి చేతులు దూర్చి, చూపుతో పని లేకుండా వేళ్లతోనే మ్యాగజైన్ లోడ్ చేయడం నేను నేర్చుకున్న మొదటి విద్య. ఇప్పుడు చేసేవన్నీ చిన్న సినిమాలు, డాక్యుమెంటరీలు. వాటిలో చాలా భాగం అనంతగిరి ఘాటు ఎక్కాక తీసేవే.

స్టాక్ అంటే ముడి ఫిలిం. దానికి చూడాల్సిన గుణాలు ముఖ్యంగా రెండు. ఒకటి స్పీడు. ఎంత తక్కువ వెలుతురులో బొమ్మ పడుతుందో చెప్పే అంకె అది. అంకె పెద్దదైతే తక్కువ వెలుతురు చాలు, కాకపోతే బొమ్మలో గ్రెయిన్ పెరుగుతుంది. రెండోది రంగు. పగటి వెలుతురుకి తయారుచేసిన ఫిలిం వేరు, పసుపు కాంతి ఇచ్చే స్టూడియో దీపాలకి తయారుచేసిన టంగ్‌స్టన్ ఫిలిం వేరు. డిజిటల్ వచ్చాక సెన్సరూ, అది చూసినదాన్ని కార్డు మీద రాసే పద్ధతీ కలిసి స్టాక్ స్థానంలో కూర్చున్నాయి. ఏ స్టాకైనా మన కన్ను చూసినంత చూడలేదు. ఎండలో మెరిసే ఆకాశం, గుమ్మంలో నిలబడ్డ మనిషి, వెనక ఇంటి మూల, మూడూ ఒకే షాటులో ఉంటే ఏదో ఒకటి పోతుంది. ఏది పోయినా ఫర్వాలేదో ముందే తేల్చుకున్నవాడికి ఏ స్టాక్ తెచ్చుకోవాలో, ఎన్ని లైట్లు కావాలో తెలిసిపోతుంది. నా మటుకు నేను ఆకాశాన్ని వదిలేస్తాను, మూలని వదిలేస్తాను. ముఖాన్ని మాత్రం వదలను.

ఈ మన్యంలో తీసిన సినిమాల్లో పెద్ద పేరు 'అల్లూరి సీతారామరాజు'ది. కృష్ణ నూరో చిత్రం, తెలుగులో మొదటి సినిమాస్కోప్, 1974 మే 1న విడుదలైంది. చింతపల్లి ప్రాంతంలో తీశారు. దర్శకుడు వి.రామచంద్రరావు సినిమా పూర్తికాక ముందే కన్నుమూశారు. కెమెరా వి.ఎస్.ఆర్.స్వామిది. ఆ కాలంలో అడవిలో స్కోప్ సినిమా తీయడమంటే ఏమిటో ఇప్పటి కుర్రాళ్లకి అర్థం కావాలంటే చిన్న లెక్క చెప్పాలి. అప్పట్లో వాడుకలో ఉన్న ఈస్ట్‌మన్ కలర్ నెగటివ్ స్పీడు 100. అదీ స్టూడియో దీపాల కింద. పగటిపూట లెన్సుకి 85 అనే నారింజ రంగు ఫిల్టర్ తగిలించాలి, దాంతో స్పీడు 64కి దిగుతుంది. నిండు ఎండలో అది చాలినంత ఎక్కువే. కానీ చెట్ల నీడలోకి అడుగుపెడితే వెలుతురు నాలుగు స్టాపులు పడిపోతుంది. ఒక్కో స్టాపుకీ సగం అవుతుంది కాబట్టి మిగిలేది పదహారో వంతు. దట్టమైన చోట అంతకన్నా తక్కువ. స్కోప్ లెన్సేమో బొమ్మ అంచులదాకా స్పష్టంగా రావాలంటే కాస్త మూసి వాడమంటుంది. ఆ లోటు పూడ్చడానికే లారీల మీద లైట్లు, జనరేటర్లు, వెండి కాగితం అతికించిన రిఫ్లెక్టర్లు, వాటిని పట్టుకునే మనుషులు. పెద్ద నిర్మాత ఉంటే సాగుతుంది.

అదే దశకంలో దీనికి ఎదురు దారి కూడా ఉంది. కె.బాలచందర్ 1978లో 'మరో చరిత్ర'ని విశాఖ తీరంలో బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు. రంగుల సినిమా అప్పటికే మామూలైపోయింది. కెమెరా బి.ఎస్.లోకనాథ్. తెలంగాణ పల్లెల్లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి.నరసింగరావు బృందం తీసిన 'మాభూమి' కూడా నలుపు తెలుపే. డబ్బు లేక నలుపు తెలుపు అని జనం అనుకుంటారు. కెమెరామన్ కంటితో చూస్తే ఇంకో లాభం కనిపిస్తుంది. 1959 నుంచీ దొరుకుతున్న ఈస్ట్‌మన్ డబుల్ ఎక్స్ నెగటివ్ స్పీడు పగటి వెలుతురులో 250. కలర్ నెగటివ్‌కి అప్పుడున్న 64తో పోలిస్తే రెండు స్టాపులు లాభం. రెండు స్టాపులంటే సాయంత్రం ఇంకాస్త సేపు పని చేసుకోవచ్చు, వరండా లోపలికి నటుణ్ణి జరపొచ్చు, లారీడు లైట్లలో సగం ఇంటి దగ్గరే వదిలి రావచ్చు. దీపాలు కొనలేనివాడు స్పీడు కొనుక్కోవాలి. ఆ సూత్రం డిజిటల్‌లోనూ అలాగే ఉంది.

ఫిలిం ఖర్చు ఎలా ఉండేదో కూడా చెప్పాలి. 35 ఎం.ఎం. నిమిషానికి 90 అడుగులు తినేది. 400 అడుగుల డబ్బా నాలుగున్నర నిమిషాలు తిరక్కుండానే ఖాళీ. రెండు గంటల సినిమాకి 10,800 అడుగులు. ఒక్కో షాటుకి సగటున నాలుగు టేకులు అనుకుంటే 43,200 అడుగులు, అంటే 108 డబ్బాలు. 16 ఎం.ఎం.లో నిమిషానికి 36 అడుగులే కాబట్టి అదే సినిమా 44 డబ్బాల్లో సరిపోతుంది. చిన్న సినిమాల వాళ్లూ డాక్యుమెంటరీల వాళ్లూ 16ని పట్టుకు వేలాడింది అందుకే. పెద్ద సినిమాల్లో డబ్బా చివర మిగిలిపోయే వంద, నూటయాభై అడుగుల ముక్కలుండేవి. షార్ట్ ఎండ్స్ అంటాం. వాటిని చౌకగా కొని సినిమా మొత్తం లాగేసిన మొనగాళ్లున్నారు. వాళ్ల సినిమాల్లో పొడవైన షాట్లు ఎందుకు ఉండవో విమర్శకులు రకరకాలుగా రాస్తుంటారు.

ఇప్పుడు నిజంగా ఫిలిం మీద తీస్తామంటే? తీయొచ్చు, కానీ ఇటువైపు వాళ్లకి చాలా దూరపు పని. ఫ్యూజీ 2013లో సినిమా నెగటివ్ తయారీ ఆపేసింది. చెన్నై, హైదరాబాదుల్లో ఒకప్పుడు రాత్రింబవళ్లు నడిచిన కడుగు ల్యాబులు మూతపడ్డాయి. కొడాక్ మాత్రం కలర్ నెగటివ్ ఇస్తూనే వచ్చింది. పగటికి 50, 250, దీపాలకి 200, 500. నాలుగూ చూస్తే నోరూరుతుంది. ఒక్కటే కొనుక్కోగలిగితే నేను 500 టంగ్‌స్టనే అంటాను. పగలు 85 ఫిల్టర్, దాని మీద వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి ఎండలో వాడొచ్చు, రాత్రి అన్నీ తీసేసి పొయ్యి దగ్గర వాడొచ్చు. అన్ని డబ్బాలూ ఒకటే రకమైతే మిగిలిన ఏ ముక్కైనా ఎక్కడైనా పనికొస్తుంది. 500 అని రాసి ఉన్నా 400 అనుకుని కొంచెం ఎక్కువ వెలుతురే ఇవ్వాలి, నెగటివ్ ఎక్కువని భరిస్తుంది గానీ తక్కువని క్షమించదు. డిజిటల్‌కి గుణం తిరగబడుతుంది. అక్కడ ఎక్కువైపోయిన తెలుపు మళ్లీ రాదు.

డిజిటల్ చేతికి అందిన కొత్తలో తెలుగులో పెద్ద చర్చ రేపింది 2011లో రాంగోపాల్ వర్మ 'దొంగల ముఠా'. కెనాన్ 5డి కెమెరాలతో, వేళ్ల మీద లెక్కపెట్టగలిగే బృందంతో ఐదు రోజుల్లో తీశారు. ఆ సినిమా మంచీచెడూ పక్కన పెడితే, ఫొటోలు తీసే కెమెరాతో థియేటర్ సినిమా అవుతుందని ఊళ్లలో కుర్రాళ్లకి నమ్మకం కలిగింది అప్పుడే. ఆ తరం 5డిలో ఒక షాటు సుమారు 12 నిమిషాలు దాటితే రికార్డింగ్ ఆగిపోయేది. పాత వెయ్యి అడుగుల రోలు పదకొండు నిమిషాలే. టెక్నాలజీ మమ్మల్ని ఒక్క నిమిషం ముందుకు తీసుకెళ్లిందని మేం నవ్వుకునేవాళ్లం.

ఆ కెమెరాలతో అరకు వచ్చినవాళ్లకి అసలు చిక్కు మంచులో తెలిసింది. అవి 8 బిట్లలో రాస్తాయి. నలుపు నుంచి తెలుపుకి మధ్య 256 అంచెలన్నమాట. ఎండలో సంత తీస్తే 256 చాలు, అక్కడ అన్ని రంగులూ అన్ని అంచెల్లో పరుచుకుని ఉంటాయి. పొగమంచులో కొండ తీస్తే అలా కాదు. మంచులో నలుపూ ఉండదు, తెలుపూ ఉండదు. కొండ మొత్తం బూడిద రంగులో ఓ చిన్న ముక్కలో ఇరుక్కుంటుంది. ఆ 256లో దాని వాటాకి వచ్చేవి ఏ ముప్పయ్యో నలభయ్యో అంచెలు. తర్వాత గ్రేడింగులో, అంటే రంగులు సరిచేసేటప్పుడు, కొండ కాస్త కనిపించాలని సాగదీస్తే ఆ అంచెలు విడిపోయి, నున్నగా కరగాల్సిన మంచులో చారలు లేస్తాయి. బ్యాండింగ్ అంటారు. 10 బిట్లలో అంచెలు 1,024. అదే కొండకి నాలుగింతల వాటా. అందుకే, 8 బిట్ల 4కె ఒకటీ, 10 బిట్ల మామూలు హెచ్‌డీ ఒకటీ అద్దెకి దొరికితే, మంచు ఉన్న కథకి నేను కళ్లు మూసుకుని రెండోదే తీసుకుంటాను. నిర్మాతకి ఇది నచ్చజెప్పడం కష్టం. 4కె అని పోస్టరు మీద వేసుకోవచ్చు, 10 బిట్లు అని వేసుకోలేరు.

కార్డుల లెక్క కూడా పాత రోలు లెక్క లాంటిదే. 4కెలో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ ఫార్మాట్‌లో రాస్తే గంటకి దాదాపు 320 జీబీ. బాగా కుదించే ఫార్మాట్లలో అదే గంట 45 జీబీకి దిగొచ్చు. కానీ గాలికి ఊగే అడవిని ఆ కుదింపు తట్టుకోలేదు, దూరపు ఆకులు ముద్దగా అలుక్కుపోతాయి. ఈ కొండల్లో ఫ్రేములో ఆకు లేని షాటు ఎక్కడ దొరుకుతుంది? రెండు హార్డ్‌డిస్కులు ఎక్కువ కొని, ఒక లైటు తక్కువ తెచ్చుకోమంటాను.

ఇక మంచులో పని. కెమెరాని ఆటోలో పెడితే మంచు చూసి అంతా తెల్లగా ఉందనుకుని వెలుతురు తగ్గించేస్తుంది, తెల్లని మంచు మురికి బూడిదలా వస్తుంది. అది చెప్పినదానికంటే ఒక స్టాపు, ఒక్కోసారి ఒకటిన్నర తెరవాలి. మంచులో లైటు వాడేటప్పుడు ముందు నుంచి వేస్తే ఆ వెలుగు నీటి బొట్ల మీద పడి మన మీదికే తిరిగి వస్తుంది, మనిషి కనబడడు. వెనక నుంచి, కాస్త ఎత్తు నుంచి వేస్తే మనిషి అంచు తెగి కనిపిస్తుంది, మంచుకి లోతు వస్తుంది. జీపు హెడ్‌లైట్లతో ఈ పని చేసుకోవచ్చు, పెట్రోలు తప్ప ఖర్చు లేదు. ఇంకొకటి, మంచు మాట మీద నిలబడదు. మనం క్లోజప్ తీసేలోపు లేచిపోతుంది. కాబట్టి తెల్లారగానే వైడ్ షాట్లన్నీ తీసేయాలి. దగ్గరి షాట్లు తొమ్మిది దాటాక కూడా, నటుడి వెనక ఏ మట్టిగోడో పెట్టుకుని, పైన ఎండని మెత్తబరిచే స్కిమ్మర్ గుడ్డ కట్టి తీసుకోవచ్చు. ప్రేక్షకుడు పసిగట్టడు. కుర్రాళ్లు దీనికి ఉల్టా చేస్తారు. హీరో క్లోజప్‌తో మొదలుపెట్టి, మంచు లేచాక వైడ్ కోసం మర్నాడు మళ్లీ వస్తారు.

చలిలో బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి, లైట్‌మెన్ వాటిని స్వెటర్ లోపల పెట్టుకుని తిరుగుతారు. పొయ్యి మండే వెచ్చని ఇంట్లోకి చల్లటి లెన్సు తెస్తే ఆవిరి పట్టేస్తుంది. కెమెరాని సంచిలోనే ఉంచి జిప్ తీయకుండా అరగంట ఆగాలి. ఫిలిం రోజుల్లో ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాని ఇలాగే గది వేడికి వచ్చేదాకా విప్పేవాళ్లం కాదు. ఇంకో సంగతి, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు తమ గడియారం ప్రకారం కాల్‌షీట్ వేస్తారు. ఈ కొండలు తూర్పున ఉన్నాయి, సూర్యుడు అక్కడికంటే పదిహేను ఇరవై నిమిషాలు ముందే వస్తాడు, అంతే ముందు పోతాడు. చలికాలం నాలుగున్నర దాటితే లోయలో చాలాచోట్ల కొండ నీడ పడిపోతుంది. అయితే నష్టమేమీ లేదు. ఎండ పోయినా ఆకాశం ఇంకా వెలుగుతూనే ఉంటుంది, లోయంతా మెత్తటి నీడలో పనికి అనువుగా మారుతుంది. ఒక్క లైటూ లేకుండా రోజు మొత్తంలో మంచి పని జరిగేది అప్పుడే.

కాఫీ తోటలు అందంగా ఉంటాయని అందరూ అక్కడికే పరుగెత్తుతారు. కెమెరాకి ఈ మన్యంలో అంతకన్నా కష్టమైన చోటు లేదు. కాఫీ నీడలో పెరిగే పంట. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగ, కింద కాఫీ మొక్క. పన్నెండు గంటల ఎండ ఆ ఆకుల్లోంచి జల్లెడ పట్టినట్టు దిగుతుంది. నుదుటి మీద ఎండ మచ్చ, బుగ్గ మీద నీడ, రెండింటికీ ఐదారు స్టాపుల తేడా. ఏ స్టాకూ దాన్ని అందంగా పట్టలేదు. స్కిమ్మర్ కడదామంటే వాలులో స్టాండు నిలవదు. నటుణ్ణి తోట అంచుకి తెచ్చి, సూర్యుడికి వీపు పెట్టించాలి. మచ్చలు జుట్టు మీద, భుజాల మీద పడతాయి, ముఖం మాత్రం ఒకే నీడలో ఉంటుంది. ఎదురుగా ఒక తెల్లటి థర్మకోల్ షీటు. అంతే. ఫ్రేముకి అడ్డమని కొమ్మలు విరిచేవాళ్లని చూశాను. నవంబరు నుంచి జనవరి దాకా కోసే ఆ పండే ఆ ఇంటి ఏడాది డబ్బు. కొమ్మ విరిచాక వాళ్లు మర్యాదగా నవ్వుతారు గానీ మర్నాడు మనకి తోటలోకి దారి దొరకదు.

నాకు ఎక్కువ ఇష్టమైనది ఇళ్ల లోపల పని. ఇక్కడి పాత ఇళ్లకి చూరు బాగా కిందికి ఉంటుంది, కిటికీలు చిన్నవి, చాలా ఇళ్లకి ఉండనే ఉండవు. పొయ్యి పొగకి లోపలి గోడలు, వాసాలు నల్లబడి ఉంటాయి. వెలుతురు వచ్చేది ఒక్క గుమ్మంలోంచే. కొత్తవాళ్లు లోపలికి రాగానే నాలుగు ఎల్ఈడీలు పెట్టి ఇల్లంతా వెలిగిస్తారు. అప్పుడది ఇల్లు కాదు, మందుల షాపు. ఆ గుమ్మమే మన లైటు. నటుణ్ణి గుమ్మానికి మూడు నాలుగు అడుగుల లోపల, పక్కకి తిప్పి కూర్చోబెడితే ముఖం ఒక వైపు నిండుగా వెలుగుతుంది, రెండో వైపు మెల్లగా చీకట్లోకి పోతుంది. వెనక నల్లటి గోడ ఎలాగూ వెలుతురుని మింగేస్తుంది. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. వాకిలి ఎర్రమట్టితో అలికి ఉంటుంది. దాని మీద పడ్డ ఎండ ఎర్రగా లోపలికి ఎగిరి గడ్డం కింద తగులుతుంది, మనిషి నిప్పుల దగ్గర కూర్చున్నట్టు కనిపిస్తాడు. వాకిట్లో ఒక తెల్ల పంచె పరిస్తే ఆ ఎరుపు పోతుంది, పైగా వెలుతురు పెరుగుతుంది. పెంకుటిల్లయితే, ఇంటివాళ్లు ఒప్పుకుంటే, ఒకటి రెండు పెంకులు జరిపిస్తాను. పొయ్యి పొగలో ఎండ కడ్డీలా దిగుతుంది. స్మోక్ మెషీన్ అద్దె మిగిలిపోతుంది. పెంకులు సాయంత్రం మనమే సర్ది వెళ్లాలి, రాత్రి వాన వస్తే తడిసేది వాళ్లు.

ఇలా గుడ్డ మీంచి వెలుతురు ఎగరేయడం మన దేశపు సినిమాలో పాత పని. 1956లో సత్యజిత్ రాయ్ 'అపరాజితో'కి కాశీ ఇంటి లోగిలిని కలకత్తా స్టూడియోలో సెట్ వేశారు. నిజమైన లోగిలిలో వెలుతురు ఆకాశం నుంచి దిగుతుంది, ఎక్కడా గట్టి నీడ పడదు. కెమెరామన్ సుబ్రత మిత్ర సెట్ పైన తెల్లటి గుడ్డ కట్టి, కింద నుంచి దీపాలు దాని మీదికి కొట్టి ఆ మెత్తదనం తెచ్చాడు. అప్పటికి ప్రపంచంలో చాలా స్టూడియోలు ఇంకా ముఖం మీదికి సూటిగా దీపం కొడుతూనే ఉన్నాయి. మన భాషలో చూడాలంటే బి.నరసింగరావు 'దాసి' చూడండి. గడీ గదుల్లోకి ఎంత వెలుతురు వస్తుందో అంతే ఉందనిపిస్తుంది. దానికి ఎ.కె.బీర్‌కి ఛాయాగ్రహణంలో జాతీయ అవార్డు వచ్చింది.

ఇప్పుడు ముఖం. ఫిలిం కంపెనీలు, ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి దశాబ్దాల పాటు ఒక తెల్లజాతి యువతి బొమ్మని ఆధారంగా పెట్టుకున్నాయి. ఫొటో ల్యాబుల్లో దాన్ని షర్లీ కార్డు అనేవారు. సినిమా ల్యాబుల్లో రీలు మొదట్లో అతికించే అలాంటి బొమ్మకి చైనా గర్ల్ అని పేరు. ఆమె చర్మం బాగా వస్తే అంతా బాగున్నట్టు. నల్లని చర్మం అందులో మట్టిబెడ్డలా వచ్చినా అడిగేవారు లేరు. కొడాక్ ముదురు రంగుల మీద శ్రద్ధ పెట్టింది కూడా నల్లజాతి వాళ్లు అడిగితే కాదట, చాక్లెట్లు, చెక్క సామాను అమ్మే కంపెనీలు తమ సరుకు ఫొటోల్లో సరిగా రావట్లేదని గొడవ చేస్తేనట. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ ఈ సంగతి వివరంగా రాశారు. ఈనాటి సెన్సర్లు చాలా మెరుగు. అయినా పాత అలవాటు కెమెరామన్ చేతిలో ఉండిపోయింది. నల్లని ముఖం కనిపించగానే ఎదురుగా లైటు పెంచుతాడు. ముఖం తెల్లబడదు, నూనె రాసినట్టు చదునుగా అయిపోతుంది.

ముదురు చర్మం తనలో పడ్డ వెలుతురుతో కంటే తన మీంచి జారే వెలుతురుతో అందంగా కనిపిస్తుంది. అందుకని వెలుతురు బలంగా కాదు, వెడల్పుగా ఉండాలి. పక్క నుంచి ఒక పెద్ద తెల్ల గుడ్డ పెడితే దాని ప్రతిబింబం చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద, కంటి తడిలో పడి ముఖానికి ఆకారం వస్తుంది. చెమట తుడవొద్దు, పౌడరు అద్దొద్దు. మన సినిమాల్లో గిరిజన యువతి పాత్ర అంటే తెల్లటి నటికి గోధుమ రంగు పూసి, గవ్వల దండ వేసి నిలబెట్టడం ఒక ఆచారం. ఆ పూత మీద ఏ లైటు వేసినా పూతే వెలుగుతుంది. దానికంటే ఆ ఊళ్లో కొండదొర, కోటియ, పోర్జ తెగల ఇళ్లలో నటించడానికి ముందుకొచ్చే మనుషులు ఎంతమంది! కొండ దిగితే విశాఖలోనే ఉదాహరణ ఉంది. వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం'లో ఆ పేటలో ఉండేవాళ్లే ఎనభై మందికి పైగా నటించారు, 2018లో థియేటర్లలో జనం చూశారు. మేకప్ వ్యానుకి పెట్టే డబ్బుని నేను రిహార్సలుకి పెట్టమంటాను. కెమెరా అలవాటు లేని మనిషికి గుర్తు పెట్టిన చోట ఆగమని చెప్పలేం, అతను ఎక్కడ ఆగినా ముఖం కనబడేలా వెడల్పు వెలుతురు ఉంచాలి.

కిరండూల్ లైను రైల్లో సీను రాసుకొచ్చేవాళ్లకి కూడా ముఖాన్నే పట్టుకోమని చెబుతాను. ఆ దారిలో 58 సొరంగాలు. కెమెరా ఆటోలో ఉంటే ప్రతి సొరంగానికీ తెల్లబోయి నల్లబోతుంది. ముఖానికి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కిటికీ బయట కొండని కాలిపోనివ్వండి. సొరంగంలో చీకటైతే చీకటే, శబ్దం ఉందిగా.

రాత్రి సీన్లలో చిన్న సినిమాకి పట్టిన అదృష్టం చెప్పాలి. 1975లో స్టాన్లీ కుబ్రిక్ 'బ్యారీ లిండన్'లో కొవ్వొత్తి వెలుగులో తీయడానికి, నాసా కోసం జైస్ తయారుచేసిన ఎఫ్0.7 లెన్సులు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు అద్దెకి దొరికే మామూలు కెమెరాకి ఎఫ్1.4 లెన్సు తగిలిస్తే పొయ్యి మంట దగ్గర తీయొచ్చు. వైట్ బ్యాలెన్స్ 3200 దగ్గర కట్టేస్తే మంట ఎర్రదనం మంటకే ఉంటుంది, ఆటోలో పెడితే మంటని తెల్లగా మార్చి మనిషిని నీలంగా చేస్తుంది. ఇక్కడి థింసా నాట్యం తీయాలంటే ఇంకా సులువు. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసి వలయంగా తిరుగుతారు. ఎత్తులో వెనకవైపు ఒక్క లైటు పెడితే చాలు, వలయం తిరుగుతున్నకొద్దీ ప్రతి ముఖానికీ ఒకసారి ఎదురు వెలుగు, ఒకసారి అంచు వెలుగు వస్తాయి. పర్యాటకుల కోసం ఆడే చోట రంగురంగుల దీపాలు వేస్తారు, అవి ఆపించి తీయండి. బొర్రా గుహల్లోనూ నా బాధ అదే, సున్నపురాయికి సొంత రంగు ఉందని ఆ దీపాలు చూస్తే ఎవరికీ తెలియదు.

కరెంటు సంగతి. ఊళ్లో వోల్టేజీని నమ్మి పెద్ద లైట్లు తేవొద్దు. జనరేటర్ తెస్తే లోయంతా దాని చప్పుడే, లొకేషన్ సౌండ్ పోతుంది, డబ్బింగ్ ఖర్చు నెత్తిన పడుతుంది. 60 వాట్ల ఎల్ఈడీ ప్యానెల్ 98 వాట్‌అవర్ బ్యాటరీ మీద గంటన్నర వెలుగుతుంది. అలాంటివి రెండు, ఆరు బ్యాటరీలు, ఊళ్లో కరెంటున్నప్పుడు చార్జింగ్, దీంతో చాలా రాత్రి సీన్లు అయిపోతాయి. ప్యానెల్ కొనేముందు సీఆర్‌ఐ, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 95 దాటిందో లేదో చూడండి. చవకవి చర్మం మీద పాచి రంగు తెస్తాయి, గ్రేడింగులో ఆ పచ్చదనం తీస్తే అడవి పచ్చదనమూ పోతుంది. సీనులో కనిపించే బల్బు ఊరి కొట్లో కొన్నదైతే ఫోన్ కెమెరాతో ఒకసారి చూడండి, చారలు పరిగెడితే మార్చండి. మన కరెంటు 50 హెర్ట్జ్, 24 ఫ్రేములకి షట్టర్ 172.8 డిగ్రీలు పెడితే ఆ రెపరెప చాలావరకు ఆగుతుంది. ఈ ఒక్క అంకె తెలియక పాడైన ట్యూబ్‌లైట్ సీన్లు లెక్కలేనన్ని.

పగటికి మాత్రం ఎన్‌డీ ఫిల్టర్లు మర్చిపోవద్దు. ఇప్పటి కెమెరాలు చాలావరకు 800 స్పీడు దగ్గర బాగా పనిచేస్తాయి. నిండు ఎండలో 800తో తీయాలంటే ఎఫ్16కి మూసినా ఇంకా నాలుగు స్టాపుల వెలుతురు ఎక్కువే. ఎన్‌డీ లేనివాడు షట్టర్ వేగం పెంచుతాడు, నడిచే మనిషి ముక్కలు ముక్కలుగా అదురుతాడు. సంత సీన్లు పాడయ్యేది ఎక్కువగా ఇలాగే.

గ్రేడింగ్ గురించి ఒకే మాట. ఎడిటింగ్ గదిలో కర్టెన్లు మూసి, మంచి మానిటర్ మీద చూస్తే గుడిసెలో చీకటి ఎంతో లోతుగా, గొప్పగా ఉంటుంది. చిన్న సినిమా చూసేవాడు ఎక్కువగా ఫోన్‌లో చూస్తాడు, అదీ బస్సులో, పగటిపూట, బ్రైట్‌నెస్ సగానికి పెట్టుకుని. అందుకే ఫైనల్ కాపీ అయ్యాక దాన్ని ఫోన్‌లో వేసుకుని, పాడేరు బస్సెక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుని చూస్తాను. గుమ్మం దగ్గర కూర్చున్న మనిషి కళ్లు కనబడకపోతే మళ్లీ కలరిస్ట్ దగ్గరికి వెళ్లి, నీడలు అర స్టాపు లేపమంటాను. అతను తిడతాడు, లేపుతాడు.